అక్కావాళ్ళ బేస్‌మెంట్‌లో కుంపటి

ఫర్నేస్ అనగానే మన కాలేజీలో ఎవరైనా ముందు చెప్పేది వైజాగ్ స్టీల్ ప్లాంట్ పేరే. ఇండస్ట్రియల్ విజిట్‌కి వెళ్ళొచ్చినవాళ్ళకి అక్కడి మూడు బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు కూడా గుర్తుంటాయి: గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. ఇనుము కరిగించే ఆ కొలిమికీ, ఒక ఇంటిని వెచ్చగా ఉంచే ఫ్రిజ్ సైజు రేకు పెట్టెకీ ఇంగ్లీషులో పేరొకటే. ఈ రెండో రకం ఫర్నేస్‌తో నాకు పరిచయం 2024 అక్టోబరులో అయింది. అదీ వాట్సాప్‌లో.

అక్కా బావా మిన్నెసోటాలో, మినియాపొలిస్ ఊరి చివర ఉంటారు. రెండేళ్ళ కిందట అక్కడ ఒక పాత ఇల్లు కొన్నారు. చలికాలం ముందు చెకప్‌కి వచ్చిన టెక్నీషియన్, బేస్‌మెంట్‌లో ఉన్న 1998 నాటి ఫర్నేస్ విప్పి చూసి, లోపల హీట్ ఎక్స్ఛేంజర్‌కి పగులొచ్చిందని గ్యాస్ కట్టేసి వెళ్ళిపోయాడట. ఇంట్లో నాలుగు నెలల పాప. పాప కోసం వెళ్ళిన మా అమ్మ. బయట రాత్రిపూట అప్పటికే గడ్డకట్టే చలి. రెండు కరెంటు హీటర్లు కొనుక్కొచ్చి ఒక్క గదిలో సర్దుకున్నారు. వారం రోజుల్లో ముగ్గురు కాంట్రాక్టర్లు వచ్చి ముగ్గురూ మూడు కొటేషన్లు ఇచ్చారు. అక్క ఆ మూడు పీడీఎఫ్‌లూ ఫ్యామిలీ గ్రూపులో పడేసి, "ఒరేయ్, మెకానికల్ చదువుతున్నావుగా, ఏది కొనాలో చెప్పు" అంది.

మొదటిది క్యారియర్ ఇన్ఫినిటీ 98. ధర 11,400 డాలర్లు. రెండోది లెనాక్స్ వాళ్ళ పై తరగతి మోడల్, 10,900. మూడోది ట్రేన్ వాళ్ళ రెండు దశల ఫర్నేస్, 7,600.

నాన్నకి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. "క్యారియర్ తీసుకోండి, మీ పెదనాన్న ఇంట్లో ఏసీ పదిహేనేళ్ళు ఆడింది" అని వాయిస్ మెసేజ్ పెట్టేశాడు. పక్కనుంచి నానమ్మ గొంతు కూడా అందులో పడింది: "కేరియరంటే ఏటి, అన్నం కేరియరా?" బావ ఆఫీసు నుంచే ఒక ఎక్సెల్ షీటు చేసి పంపాడు. అందులో ఏ పేరుకి ఎన్ని చుక్కల రేటింగ్ ఉందో రంగులు వేసి మరీ పెట్టాడు. మన ఇళ్ళల్లో మిక్సీ కొన్నా, మోటారు కొన్నా జరిగేది ఇదే. ముందు పేరు చూస్తాం. ఆ వారం రోజులూ నేను రాత్రిళ్ళు మేలుకుని చదివింది, లెక్కలేసింది ఆ పేర్ల వెనక ఏముందో చూద్దామనే.

ముందు ఆ పెట్టె చేసే పనేంటో చెప్తాను. మా నానమ్మవాళ్ళది నర్సీపట్నం దగ్గర పల్లె. లంబసింగి చలిగాలి అక్కడికీ దిగుతుంది. ధనుర్మాసంలో కుంపట్లో బొగ్గులు రాజేసి మంచం పక్కన పెట్టుకునేది. కానీ తలుపు మాత్రం ఓరగా తీసే ఉంచేది. "మూసేస్తే పొద్దున లేవం రా" అనేది. కార్బన్ మోనాక్సైడ్ అనే పేరు ఆవిడకి తెలీదు, సంగతి మాత్రం తెలుసు. గ్యాస్ ఫర్నేస్ అంటే కుంపటిని ఇంటి గాలికి తగలకుండా ఒక గొట్టంలో బంధించడమే. మంట గొట్టం లోపల, ఇంటి గాలి గొట్టం బయట. ఆ గొట్టమే హీట్ ఎక్స్ఛేంజర్. ఒక బ్లోయర్ ఇంట్లోంచి గాలి లాగి, ఆ వేడి గొట్టాల మీదుగా తోసి, డక్టుల్లోంచి గదులకి పంపుతుంది. పొగ వేరే దారిలో బయటికి పోతుంది. అందుకే గొట్టానికి పగులంటే అంత భయం. పొగా, పిల్ల పీల్చే గాలీ కలవకుండా మధ్యలో ఉన్నది ఆ రేకు ఒక్కటే.

అన్నట్టు, మా అమ్మ అక్కడ పాపకి స్నానం చేయించాక సాంబ్రాణి వేయబోతే ఇల్లంతా అలారం మోగిందట. అది పొగ అలారం. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, దాన్ని పట్టేది వేరే అలారం. ప్రతి పడకగదికీ పది అడుగుల లోపు ఆ అలారం ఒకటి ఉండాలని మిన్నెసోటాలో చట్టమే ఉంది.

ఇప్పుడు కొటేషన్లలో పెద్ద అక్షరాలతో రాసే అంకె దగ్గరికి వద్దాం. దాన్ని ఏఎఫ్‌యూఈ అంటారు. ఏడాది మొత్తం మీద కాల్చిన గ్యాస్‌లో ఎంత శాతం ఇంటికి వేడిగా దక్కిందో చెప్పే అంకె అది. పాత ఫర్నేస్‌కి 80. ట్రేన్‌కి 96. క్యారియర్‌కి 98.5. లెనాక్స్‌ది కూడా 98 పైనే.

80 నుంచి 90 దాటడానికి ఏం చేశారో మనం ఫస్టియర్ కెమిస్ట్రీలోనే చదివాం. ఫ్యూయల్స్ యూనిట్లో బాంబ్ క్యాలరీమీటర్ బొమ్మ పక్కన హయ్యర్ క్యాలరిఫిక్ వాల్యూ, లోయర్ క్యాలరిఫిక్ వాల్యూ అని రెండు డెఫినిషన్లు బట్టీపట్టాం, గుర్తుందా? ఒక మీథేన్ అణువు కాలితే రెండు నీటి అణువులు పుడతాయి. ఆ నీరు ఆవిరిగా పొగతో పాటు బయటికి పోతే, దానిలోని గుప్తోష్ణం కూడా పోయినట్టే. మొత్తం వేడిలో అది దాదాపు పదో వంతు. పాత ఫర్నేస్ దాన్ని చిమ్నీలోంచి ఆకాశానికి దానం చేసేది. కొత్తవాటిలో రెండో హీట్ ఎక్స్ఛేంజర్ ఉంటుంది. పొగని అది మంచుబిందు ఉష్ణోగ్రత కంటే కిందికి చల్లబరుస్తుంది. ఆవిరి నీరైపోయి, గుప్తోష్ణం ఇంటికే దక్కుతుంది. పొగ ఎంత చల్లబడుతుందంటే, దాన్ని బయటికి పంపడానికి ఇనప చిమ్నీ అక్కర్లేదు, పీవీసీ పైపు చాలు. చలి ముదిరిన రోజున ఆ ఫర్నేస్ కింద బకెట్టుకి పైనే నీళ్ళు కారతాయి. కాస్త ఆమ్ల గుణం ఉన్న నీళ్ళు. అవి పోయే దారి గడ్డకట్టకుండా చూసుకోవాలి.

ఈ రకం ఫర్నేస్‌ని అమెరికా ఇళ్ళలోకి తెచ్చినవాటిలో లెనాక్స్ వాళ్ళ పల్స్ ఒకటి, 1982లో వచ్చింది. ఆ కంపెనీ మొదలైంది 1895లో, అయోవాలోని మార్షల్‌టౌన్‌లో. డేవ్ లెనాక్స్ అనే ఆయన రేకులు రివెట్లతో బిగించి బొగ్గు ఫర్నేస్‌లు చేసేవాడు. ట్రేన్ మొదలైంది 1885లో విస్కాన్సిన్‌లోని లా క్రాస్‌లో, ఒక ప్లంబింగ్ షాపుగా. మినియాపొలిస్‌కి అది పొరుగు రాష్ట్రమే. విల్లిస్ క్యారియర్ మాత్రం చలి మనిషి కాదు. 1902లో బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో కాగితాలు తేమకి సాగిపోతుంటే, ఆ తేమ తగ్గించడానికి ఎయిర్ కండిషనింగ్ డిజైన్ చేశాడు. వీళ్ళందరి పక్కనా నేను రాసుకున్న పేరు ఇంకొకటి ఉంది. ఆలిస్ పార్కర్ అనే నల్లజాతి మహిళ, గ్యాస్‌తో ఇల్లంతా వేడి చేసే పద్ధతికి 1919 డిసెంబరులో పేటెంట్ తీసుకుంది. ఆవిడ పేరుతో బ్రాండేదీ లేదు.

బావ ఎక్సెల్ షీట్లో పదకొండు బ్రాండ్లున్నాయి. వాటి వంశవృక్షం గీస్తే ఆ చెట్టు చిన్నదైపోయింది. క్యారియర్, బ్రయంట్ రెండూ ఒకే కంపెనీవి. ట్రేన్, అమెరికన్ స్టాండర్డ్ ఒకే కంపెనీవి. గుడ్‌మన్, అమానా రెండూ 2012 నుంచి జపాన్ డైకిన్ చేతిలో ఉన్నాయి. రీమ్, రూడ్ అన్నదమ్ములు. ఇంకా లోపలికి వెళ్తే, గ్యాస్ వాల్వులు చాలా బ్రాండ్లకి ఒకరిద్దరు తయారీదారుల దగ్గర్నుంచే వస్తాయి. షీట్లో క్యారియర్‌కి పచ్చరంగు, బ్రయంట్‌కి పసుపు రంగు వేసి ఉన్నాయి. లోపలున్న యంత్రం దాదాపు ఒకటే. "బావా, ఇది ఒకే హోటల్ ఇడ్లీ, రెండు కౌంటర్లలో అమ్ముతున్నారు" అన్నాను. బావ నవ్వాడు గానీ రంగు మార్చలేదు.

ఇక డబ్బు లెక్క. అక్కావాళ్ళ గ్యాస్ బిల్లులన్నీ తెప్పించుకున్నాను. గ్యాస్‌ని అక్కడ థర్మ్‌లలో కొలుస్తారు. ఒక థర్మ్ అంటే లక్ష బీటీయూ. వంటకీ వేన్నీళ్ళకీ పోయినది తీసేస్తే, ఇల్లు వేడి చేయడానికి ఏడాదికి సుమారు 1,000 థర్మ్‌లు. పాత ఫర్నేస్ 80 శాతం కాబట్టి ఇంటికి నిజంగా చేరింది 800. అదే 800 చేరాలంటే 96 శాతం ఫర్నేస్ 833 థర్మ్‌లు కాలుస్తుంది. 98.5 శాతం ఫర్నేస్ 812 కాలుస్తుంది. వాళ్ళకి థర్మ్ సుమారు ఒక డాలరు పడుతోంది. అంటే పాతది తీసేసి 96 శాతానిది పెడితే ఏడాదికి 167 డాలర్లు మిగులు. దాని బదులు 98.5 శాతానిది పెడితే ఇంకో 21 డాలర్లు.

ధరల్లో తేడా 3,800. అప్పట్లో 97 శాతం దాటిన ఫర్నేస్‌లకి ఫెడరల్ పన్నులో 600 డాలర్ల దాకా తగ్గింపు ఉండేది. అదీ తీసేశాను. మిగిలిన 3,200ని 21తో భాగిస్తే 152 ఏళ్ళు వచ్చింది. ఫర్నేస్ ఆయుష్షు మామూలుగా పదిహేను, ఇరవై ఏళ్ళు.

ఇక్కడితో ఆపేస్తే అన్యాయం. ఆ 3,800 ఆ రెండున్నర శాతం కోసమే కాదు. పై తరగతి ఫర్నేస్‌లో అసలు సొగసు మాడ్యులేషన్. మన సీలింగ్ ఫ్యాన్ రెగ్యులేటర్లనే తీసుకోండి. పాతకాలం స్విచ్ ఫర్నేస్‌కి ఆన్, ఆఫ్ రెండే. ట్రేన్ లాంటి రెండు దశలదానికి చిన్న మంట, పెద్ద మంట ఉంటాయి. మాడ్యులేటింగ్ ఫర్నేస్ మంటని 40 శాతం నుంచి 100 శాతం దాకా కొద్దికొద్దిగా సర్దుతుంది. కాసేపు ఉడకబెట్టి, ఆగి, చల్లారాక మళ్ళీ ఉడకబెట్టే గోల ఉండదు. సన్నగా, చప్పుడు లేకుండా, గంటల తరబడి నడుస్తుంది. చంటిపిల్ల ఉన్న ఇంటికి అది చిన్న విషయం కాదు. అక్క మనసు అక్కడే ఉంది. బావది కూడా.

అందుకే తర్వాతి ప్రశ్న వేసుకున్నాను. ఆ ఇంటికి అసలు ఎంత వేడి కావాలి?

పాత ఫర్నేస్ మీద 1,00,000 బీటీయూ అని రాసుంది. క్యారియర్ కొటేషన్‌లోనూ 1,00,000 అనే ఉంది. లెనాక్స్‌లో 88,000. ట్రేన్ కొటేషన్‌లో మాత్రం 60,000. మొదటి ఇద్దరూ పాత ఫర్నేస్ స్టిక్కర్ చూసి వెళ్ళిపోయారు. మూడో అతను రెండున్నర గంటలు ఉన్నాడట. కిటికీలు కొలిచాడు, అటక ఎక్కి ఇన్సులేషన్ మందం చూశాడు, మాన్యువల్ జె అనే పద్ధతిలో ఇంటి హీట్ లోడ్ లెక్కగట్టాడు. అది మన హీట్ ట్రాన్స్‌ఫర్ పేపర్లో వచ్చే లెక్కే: గోడకింత, కిటికీకింత, సందుల్లోంచి దూరే గాలికింత, అన్నీ కలిపి, బయటి ఉష్ణోగ్రత తేడాతో గుణించడం. అతనికి 41,000 వచ్చింది.

నేను ఇంకో దారిలో సరిచూశాను. జనవరి బిల్లులో వేడికి పోయినది 205 థర్మ్‌లు. 80 శాతం చొప్పున ఇంటికి చేరింది 164. ఆ నెల డిగ్రీ డేస్ సుమారు 1,500. డిగ్రీ డే అంటే, బయట రోజు సగటు 65 ఫారెన్‌హీట్ కంటే ఎన్ని డిగ్రీలు తగ్గిందో అన్ని. భాగిస్తే ఒక్కో డిగ్రీకి గంటకి 455 బీటీయూ చొప్పున ఇల్లు వేడి కోల్పోతోందని తేలింది. బయట మైనస్ 12 ఫారెన్‌హీట్ ఉన్న రాత్రికి, అంటే మన లెక్కలో మైనస్ 24 సెల్సియస్‌కి, 77ని 455తో గుణిస్తే సుమారు 35,000 బీటీయూ. మైనస్ 30 ఫారెన్‌హీట్ వచ్చినా 43,000. పోల్చుకోడానికి ఒక విషయం: 2019 జనవరి 30న ధ్రువపు గాలి దిగినప్పుడు మినియాపొలిస్‌లో మైనస్ 28 ఫారెన్‌హీట్ నమోదైంది. 60,000 బీటీయూ ట్రేన్ ఇంటికిచ్చేది 57,600. అలాంటి రాత్రికి కూడా సరిపోయి ఇంకా మిగులుతుంది.

ఇప్పుడు క్యారియర్ కొటేషన్ మళ్ళీ చూడండి. 1,00,000లో 40 శాతం అంటే 40,000. ఆ ఫర్నేస్ ఎంత తగ్గినా అంతకంటే తగ్గదు. ఇంటికేమో మైనస్ 12లో కూడా కావాల్సింది 35,000. అంటే చలికాలం మొత్తంలో ఏ నాలుగైదు రాత్రులో తప్ప, ఆ మాడ్యులేటింగ్ వాల్వ్ తన అట్టడుగు మెట్టు మీదే ఉండి, అక్కడా ఎక్కువై, ఆన్ ఆఫ్ ఆన్ ఆఫ్ అంటూ పాతదానిలాగే నడుస్తుంది. ఏ సొగసు కోసం డబ్బు కడుతున్నారో అది ఆ ఇంట్లో ఎప్పుడూ కనపడదు. ఇందులో క్యారియర్ తప్పేమీ లేదు. అదే ఇన్ఫినిటీ 60,000 సైజులోనూ వస్తుంది. బావ ఫోన్ చేసి అడిగితే ఆ కాంట్రాక్టర్, "ఇక్కడి చలికి రిస్కెందుకు" అని, అయినా కావాలంటే 300 తగ్గించి ఇస్తానన్నాడట.

మూడో అతను చేసిన ఇంకో పని నాకు బాగా నచ్చింది. డక్టుకి చిన్న రంధ్రం చేసి మానోమీటర్ పెట్టి ప్రెషర్ కొలిచాడు. ఫ్లూయిడ్ మెకానిక్స్ ల్యాబ్‌లో మనం రీడింగులు పక్కబెంచీ నుంచి ఎక్కించుకునేది సరిగ్గా ఆ ప్రయోగంలోనే. ఇలాంటి బ్లోయర్లకి సాధారణంగా సగం అంగుళం నీటిమట్టం ప్రెషర్‌ని లెక్కలోకి తీసుకుంటారు. అక్కడ 0.8 ఉంది. గాలి వెనక్కి వచ్చే డక్టు ఇరుకు. ఆ ఇరుకులోంచి ఏ బ్రాండు బ్లోయర్‌ని తోయమన్నా చప్పుడు చేస్తుంది, కరెంటు ఎక్కువ తింటుంది, పై గదికి గాలి చేరదు. అక్క ఇల్లు కొన్నప్పటి నుంచీ చెప్పే "పై బెడ్రూం ఎప్పుడూ చల్లగానే ఉంటుంది" అన్న మాటకి కారణం అదే. ఇంకో 900 డాలర్లు ఇస్తే రిటర్న్ డక్టు ఒకటి అదనంగా వేస్తానన్నాడు. వెళ్ళేముందు బయటికెళ్ళి, "గాలికి మంచు ఎటువైపు పోగుపడుతుంది?" అని అడిగాడట. పీవీసీ పైపు నోరు మంచులో పూడిపోతే ప్రెషర్ స్విచ్ తెగి ఫర్నేస్ ఆగిపోతుంది. అది కూడా సరిగ్గా మంచుతుఫాను రాత్రే ఆగుతుంది.

పార్ట్స్ సంగతి కూడా అడగమన్నాను. పై తరగతి ఫర్నేస్‌లు వాటి సొంత థర్మోస్టాట్‌తో సొంత భాషలో మాట్లాడుకుంటాయి. అన్నీ బాగున్నప్పుడు హాయి. బోర్డు పోతే ఆ కంపెనీ బోర్డే రావాలి. రెండు దశల ఫర్నేస్‌ని మామూలు 24 వోల్టుల థర్మోస్టాట్‌తో కూడా నడపొచ్చు. జనవరి ఆదివారం రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే ఎవరొస్తారు, వాళ్ళ వ్యాన్‌లో ఏ పార్టులుంటాయి అన్నదానికి ముగ్గురిలో సూటిగా జవాబిచ్చింది ఒక్కరే.

హీట్ పంప్ ఎందుకు కాదని మన సీనియర్లలో ఎవరో అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఫర్నేస్ ఎప్పటికీ నూరు శాతం దాటలేదు, హీట్ పంప్ ఒక యూనిట్ కరెంటుకి రెండు మూడు యూనిట్ల వేడి మోసుకురాగలదు. కానీ వాళ్ళ ఏసీ కొత్తదే, గ్యాస్ చవక, చేతిలో ఉన్న టైము పది రోజులు. ఆ ఏసీ మార్చే రోజున హీట్ పంప్ పెట్టి, ఫర్నేస్‌ని కటిక చలికి మాత్రమే వాడుకోవచ్చు.

ఈ లెక్కలన్నీ శనివారం రాత్రి వీడియో కాల్‌లో చెప్పాను. మనకి రాత్రి, వాళ్ళకి ఉదయం. బావ చాలాసేపు విని, "అన్నీ కరెక్టేనోయ్, కానీ దానికి లైఫ్‌టైమ్ వారంటీ ఉంది కదా" అన్నాడు. పై తరగతి మోడళ్ళలో హీట్ ఎక్స్ఛేంజర్‌కి జీవితకాలం వారంటీ ఇస్తారు, నిజమే. మిగతా పార్టులకి పదేళ్ళు. ఇదంతా మోడల్‌ని బట్టి 60 లేదా 90 రోజుల్లో రిజిస్టర్ చేస్తేనే. లేకపోతే పార్టుల వారంటీ ఐదేళ్ళకి పడిపోతుంది. పనివాడి కూలీ ఇందులో రాదు. ఇంకొక షరతు ఉంది: జీవితకాలం అంటే మొదటి యజమాని ఆ ఇంట్లో ఉన్నంతకాలం. ఇల్లు చేతులు మారితే వారంటీ తగ్గిపోతుంది.

అది నేను చదివి వినిపించాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. బావది హెచ్-1బి. మూడేళ్ళకోసారి పొడిగింపు. గ్రీన్ కార్డు క్యూలో మనవాళ్ళ వంతు ఎప్పుడొస్తుందో లెక్కగట్టడం నా ఫర్నేస్ లెక్కలంత తేలిక కాదు. వాళ్ళ ఆఫీసులో ఆ నెలే ఒక టీమ్‌ని తీసేశారు. "ఉద్యోగం పోతే నాకిచ్చేది 60 రోజులు. ఫర్నేస్ రిజిస్ట్రేషన్‌కీ 60 రోజులేనట. ఇద్దరికీ ఒకే రూలు" అని బావ నవ్వబోయాడు. అక్క నవ్వలేదు. "ఈ ఇంట్లో ఎన్నాళ్ళుంటామో తెలీదు కదరా. కానీ ఉన్నన్నాళ్ళూ పిల్లకి చలెయ్యకూడదు" అంది.

అప్పుడు నాకు అర్థమైంది బావ ఆ పచ్చరంగు ఎందుకు మార్చలేదో. ఆయనకి కావాల్సింది రెండున్నర శాతం కాదు. ఏదో ఒక్కటి, జీవితకాలం అని రాసున్నది, తన ఇంట్లో ఉండాలనిపించింది. దానికి నా దగ్గర ఈక్వేషన్ లేదు.

ఇంకొకటి కూడా మీకు చెప్పాలి. నా కాలేజీ ఫీజు కట్టేది అక్కే. ఆ 3,800 డాలర్లు మన డబ్బులో మూడు లక్షలు దాటుతుంది. చవకది కొనమని చెప్పేవాడి ఫీజు ఆ మిగులులోంచే రావాల్సి ఉంటే, వాడి సలహా ఎంతవరకు నమ్మొచ్చు? అందుకే అంకెలన్నీ ఒక కాగితం మీద రాసి, స్టెప్పులతో సహా ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. "ఏది కొనమంటావు" అని అక్క రెట్టించి అడిగింది. "60,000 సైజు కొనండి, డక్టు వేయించండి. ఆ రెండూ చేస్తే పేరు మీ ఇష్టం. సరైన సైజులో ఇన్ఫినిటీ పెట్టినా మంచిదే, ఆ నిశ్శబ్దానికి మీరు ఎంత ఇవ్వగలరో మీరే చూసుకోండి" అన్నాను.

సోమవారం పొద్దున బావ మెసేజ్ వచ్చింది. ట్రేన్, 60,000, రిటర్న్ డక్టుతో కలిపి 8,500. దాని కింద రెండు కొత్త కార్బన్ మోనాక్సైడ్ అలారాల బిల్లు. పని ఒక్క రోజులో అయిపోయింది. చివర్లో ఆ టెక్నీషియన్ పొగ గొట్టంలో మీటర్ పెట్టి మంట సరిగ్గా కాలుతోందో లేదో కొలిచి, కాగితం మీద రాసిచ్చాడు. రిజిస్ట్రేషన్ బావ ఆ రాత్రే చేసేశాడు. యజమాని పేరు దగ్గర ఇద్దరి పేర్లూ రాశామని అక్క చెప్పింది.

జనవరి మూడో వారంలో అక్కడ చలి ముదిరింది. సున్నా ఫారెన్‌హీట్ కంటే బాగా కిందికి దిగింది. ఆ రోజుల్లో ఫర్నేస్ ఎక్కువసేపు చిన్న మంట మీదే నడిచిందని, అర్ధరాత్రి దాటాక మాత్రం పెద్ద మంటకి వెళ్ళేదని అక్క చెప్పింది. పై బెడ్రూంలో పాప పడుకుంటోంది. అమ్మకి మాత్రం ఒక్కటే అసంతృప్తి: అంత డబ్బు పోసి కొన్న కుంపటికి మంట కూడా కనపడదు, చేతులు కాచుకోడానికి లేదు.

మనలో సగం మందికి డెట్రాయిట్‌లోనో, టొరంటోలోనో, షికాగోలోనో ఎవరో ఒకరుంటారు. రేపు మనలోనే కొందరు అక్కడ ఇళ్ళు కొంటారు. ఏ బ్రాండు మంచిదని నన్నడిగితే తప్పకుండా చెప్తాను. కాకపోతే ముందు మీ జనవరి గ్యాస్ బిల్లు పంపండి.